అంచున్న గిటార్

సంగీతం రానివాళ్ళకి వాయిద్యాల అందచందాల గురించి మాట్లాడే హక్కు ఎక్కడిదంటారేమో! ఎందుకు లేదండీ? కంసాలి పని నేర్చుకునే మనం నగలు ఎంచుతున్నామా?

నాకు సరిగమలు రావు. అయినా బేస్ గిటార్ ఎలా ఉండాలన్న విషయంలో మాత్రం ఖచ్చితమైన అభిప్రాయాలున్నాయి. నవ్వకండి. ఇదంతా ఆదోనిలో ఉన్న మా అన్నయ్య కొడుకు చలవ. పెళ్ళిళ్ళకీ జాతరలకీ పాడే ఆర్కెస్ట్రాలో వాడు బేస్ వాయిస్తాడు. మామూలు గిటార్‌కి ఆరు తీగలైతే దీనికి సాధారణంగా నాలుగే, అవీ లావుపాటివి. ఇళయరాజా పాటల్లో పైన వయొలిన్లు హొయలు పోతుంటే, అడుగున బొంగురు గొంతుతో నడక తప్పకుండా నడిచేది ఇదే. పెళ్ళిలో అందరూ పెళ్ళికూతుర్ని చూస్తారు గానీ గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కే మేనత్తను ఎవరు చూస్తారు? నాకు దానిమీద అభిమానం అందుకేనేమో.

కొన్నాళ్ళుగా కూడబెట్టిన డబ్బుతో వాడు కొత్తది కొనాలనుకున్నాడు. ఫోనులో బొమ్మలు చూపించి, "ఏది బాగుంటాదత్తా?" అన్నాడు. వాడికి నున్నటి చెక్క తప్ప ఇంకేమీ లేనిది నచ్చింది. నాకు పలక బిగించినది నచ్చింది. ఆ పలకనే పిక్‌గార్డ్ అంటారుట. తీగలు మీటే బిళ్ళ చెక్క మీద గీతలు పెట్టకుండా తీగల కింద, పక్కన అడ్డంగా బిగిస్తారు.

"నేను వాయించేది వేళ్ళతో కదత్తా! దాంతో నాకేం పని?" అన్నాడు.

వాడన్నదీ నిజమే. కానీ కొన్ని అందాలు పనితోనే మొదలవుతాయి, పని తీరిపోయాక కూడా ఉండిపోతాయి. చీర అంచునే చూడండి. పక్క పోగులు విడిపోకుండా గట్టిగా నేసిన పట్టీయే కదా, రంగులు దిద్దుకుని చివరికి చీరకే పేరు తెస్తోంది!

నాకీ అంచుల పిచ్చి పుట్టింటి నుంచే వచ్చింది. మాది ఎమ్మిగనూరు, ఆదోనికి పొరుగూరే. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళకోసం సహకార సంఘం పెట్టిన ఊరు. చిన్నప్పుడు మా వీధిలో మగ్గాల చప్పుడే మాకు గడియారం. ఒంటి రంగూ అంచు రంగూ పోట్లాడుకోకూడదు, అలాగని ఒకదాంట్లో ఒకటి కలిసిపోనూ కూడదు. ఈ సంగతి నేను చదివిన బి.ఏ.లో ఎవరూ చెప్పలేదు, అరుగు మీద కూర్చుని చూసి నేర్చుకున్నదే.

ఆ కళ్ళతోనే గిటార్లనీ చూశాను. అమెరికాలో లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి మీగడ రంగు ఒంటి మీద నల్ల పలక. ముసలమ్మలు కట్టే నేతచీరలా హుందాగా ఉంటుంది. 1957లో బంగారు రంగు అల్యూమినియం పలక పెట్టారు. జరీ అంచే అనుకోండి! ఆ తర్వాత వచ్చింది తాబేటిడిప్ప రకం, ఎరుపూ గోధుమా నలుపూ మచ్చలు మచ్చలుగా కలిసిపోయి. తెల్ల గిటార్ మీద ఆ పలక ఉంటే ఇక నేను వేరేది చూడను. నల్ల గిటార్‌కి తెల్ల పలక మాత్రం నాకెక్కదు. కోర్టుకి బయల్దేరిన లాయరుగారు గుర్తొస్తారు.

"అది నిజం డిప్ప కాదత్తా, ప్లాస్టిక్కు!" అన్నాడు వాడు, గెలిచినట్టు మొహం పెట్టి. నకిలీ అంటే నాకెంత మంటో వాడికి తెలుసు. ఒకప్పుడు రెండో బొంబాయి అనిపించుకున్న ఆదోనిలో, నేసినట్టు కనిపించేలా అంచు అచ్చుగుద్దిన చీరలు చూసి నేను చిందులు తొక్కడం వాడు కళ్ళారా చూశాడు.

కానీ నకిలీల్లోనూ తేడా ఉందండీ. నిజం డిప్ప కోసం సముద్రపు తాబేళ్ళను చంపేవాళ్ళు. 1977లో అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఆ వ్యాపారాన్ని నిషేధించారు. ప్లాస్టిక్ మచ్చ ఒక తాబేలు ప్రాణం కాపాడుతుంది. మరి అచ్చు అంచు ఎవరి నోటి దగ్గర కూడు లాక్కుంటుందో మా వీధిలో అడగండి. ఒంటి రంగు అంచులోకి పోకుండా నేయాలంటే మగ్గం మీద మూడు నాడెలు ఆడాలి, ఒక్కోసారి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. ఆ కష్టానికి ఖరీదు కట్టేది కొనేవాళ్ళ కళ్ళే. "ఎవరిష్టం వాళ్ళది" అని తేలిగ్గా అనేస్తాం గానీ, మన కంటికి ఏది అందంగా కనిపిస్తుందన్న దానిమీదే ఒకరింట్లో పొయ్యి వెలగడం ఆధారపడి ఉంది. మా వీధిలో మగ్గాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

చివరికి వాడు తెల్లదే కొన్నాడు, తాబేటిడిప్ప పలకతో సహా. నా మాట మన్నించాడని నేను మురిసిపోతుంటే, "నచ్చకపోతే మరలు తీసి పక్కన పడేస్తాలే అత్తా!" అన్నాడు.

"గిటార్‌కైతే అలాగే కానీ నాయనా! రేపు నీ పెళ్ళికూతురికి చీర కొనేటప్పుడు మాత్రం మగ్గం మీద చీరతోపాటే పుట్టిన అంచు చూసి కొను" అన్నాను.