కందిరీగ కాలి లెక్క

ఒక పురుగు పాదంలో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టడం పనిలేనివాళ్ళ పని అనిపించవచ్చు. దక్షిణ కాలిఫోర్నియాలో పెరట్లో నిమ్మ, కరివేపాకు పెంచుకునే మనవంటి వాళ్ళకి మాత్రం ఆ లెక్కతో పనుంది.

2008లో ఈ రాష్ట్రంలో మొదటిసారి కనిపించిన ‘సిల్లా’ అనే చిన్న పురుగు నిమ్మ, నారింజ చిగుళ్ళతో పాటు కరివేపాకు చిగుళ్ళ రసాన్నీ పీలుస్తుంది. అది మోసుకొచ్చే గ్రీనింగ్ తెగులు నిమ్మజాతి చెట్టుకి సోకితే ఇక మందు లేదు.

దీనికి విరుగుడుగా పాకిస్తాన్ పంజాబు నుంచి రెండు రకాల కందిరీగల్ని తెచ్చారు. టమరిక్సియా రేడియేటాని 2011లో వదిలారు. శాస్త్రలోకానికి అది 1922లోనే, అప్పటి లాయల్‌పూరు నుంచి పరిచయమైంది. రెండోది, పేరులో అలీగఢ్‌ని మోస్తున్న డయఫోరెన్సిర్టస్ అలిగార్హెన్సిస్. దాన్ని 2014లో వదిలారు. రెండూ సుమారు మిల్లీమీటరు పొడవే. మనల్ని కుట్టవు. మొదటిదాని పిల్ల సిల్లా పిల్లని కిందినుంచి తింటుంది, రెండోదాని పిల్ల లోపలే ఉండి తింటుంది.

ఇంత చిన్న ప్రాణుల్ని పోల్చుకోవడమెలా? చెరుకుగడకి కణుపులున్నట్టు వీటి పాదానికీ ఖండాలుంటాయి. టమరిక్సియాకి నాలుగు, అది యులోఫిడే కుటుంబం. రెండోది ఎన్‌సిర్టిడే కుటుంబం. అక్కడ సాధారణంగా ఐదు. మన రైతులు కార్డుల రూపంలో చెరుకుతోటల్లో కట్టే ట్రైకోగ్రామాకి మూడే.

అలాగని లెక్క ఒక్కటే చాలదు. ఎన్‌సిర్టిడేలోనూ నాలుగు ఖండాలవి కొన్నున్నాయి. మైమారిడే కుటుంబంలో కొన్నిటికి నాలుగు, కొన్నిటికి ఐదు. అందుకే శాస్త్రజ్ఞులు మీసాలు, రెక్కల ఈనెలు, మధ్యకాలి ముల్లు కూడా చూసిగానీ పేరు తేల్చరు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలు కారని మనకి తెలియంది కాదు!

పేరు తేల్చడంలో ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ మేలు చేసే కందిరీగల్నే తిని బతికే కందిరీగలూ ఉన్నాయి. వాటిలో ఒక్క రకం కలిసి వచ్చినా తెచ్చిన సాయమంతా వృథా. కాబట్టే క్వారంటైన్‌లో తరాల తరబడి పెంచి, పరీక్షించి వదిలారు.

మన వంతు పని సులువే. చెట్టు మొదట్లో చీమల్ని అదుపు చేయాలి. అవి సిల్లా తీపి విసర్జన కోసం దానికి కాపలా కాస్తూ కందిరీగల్ని తరిమేస్తాయి. కరివేపాకు పిలకల్ని ఊళ్ళు దాటించకూడదు. వాటితోపాటు సిల్లా కూడా ప్రయాణం చేస్తుంది. మా ఇంటికి వచ్చేవాళ్ళకి పిలక అడిగినా ఇవ్వం. కరివేపాకు పొడి మాత్రం ఎంత కావాలంటే అంత!