దిగేటప్పుడు బస్సు

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి కొండెక్కడం ఎవరూ నేర్పక్కర్లేదు. అలిపిరిలో పాదాల మండపం దగ్గర దండం పెట్టుకోవడం, 3,550 మెట్లూ ఎక్కడం, దర్శనం చేసుకుని లడ్డూల సంచితో బస్సెక్కి దిగిపోవడం. మా ఇంట్లో ఎప్పుడూ ఇదే వరస. మా అవ్వ మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెడుతూ ఎక్కిన మనిషి. ఆమె కూడా దిగింది బస్సులోనే. మొక్కు ఎక్కడానికే ఉంటుంది, దిగడానికి ఎవరు మొక్కుకుంటారు?

అందుకే ఆల్ప్స్ కొండల్లో నూరు కిలోమీటర్ల పరుగుకి లాటరీలో నా పేరు వచ్చినప్పుడు పెద్దగా భయపడలేదు. మౌంట్ బ్లాంక్ చుట్టూ ఏటా ఆగస్టు చివర్లో జరిగే పరుగుల్లో అదొకటి, సీసీసీ అంటారు. ఇటలీలోని కుర్మాయోర్‌లో మొదలై, స్విట్జర్లాండ్‌లోని షాంపే మీదుగా, ఫ్రాన్స్‌లోని షామనీలో ముగుస్తుంది. మొత్తం ఎక్కుడు 6,100 మీటర్ల దాకా ఉంటుంది. లెక్కేసి చూశాను, అలిపిరి నుంచి తిరుమలకి ఎక్కే ఎత్తు దాదాపు తొమ్మిది సార్లు. బెంగళూరు నుంచి ప్రతి శుక్రవారం రాత్రి ఇంటికి రావడం, శనివారం తెల్లవారుజామున మెట్లు తెరవగానే మొదటి గుంపులో ఎక్కడం, బస్సులో దిగి మళ్ళీ ఎక్కడం. ఆరు నెలలు ఇదే పని. దేవుడి మెట్లని ప్రాక్టీసుకి వాడుకుంటావా అని అమ్మ అలిగింది. గోవిందా అనుకుంటూ ఎక్కితే రెండూ అవుతాయిలేమ్మా అని సర్దిచెప్పాను. మోకాళ్ళ మెట్టు దగ్గర కూడా రొప్పకుండా మాట్లాడగలిగిన రోజున ఇక నాకు తిరుగులేదనుకున్నాను.

అసలు లెక్క వేరే ఉంది. కుర్మాయోర్ కంటే షామనీ దాదాపు రెండు వందల మీటర్లు కింద ఉంటుంది. అంటే ఆ దారిలో ఎక్కేదానికంటే దిగేదే ఎక్కువ. ఆ దారి మ్యాపు మా గోడ మీద ఆరు నెలలు వేలాడింది. పైకి పోయే గీతల్ని మాత్రమే చూశాను.

ఉదయం తొమ్మిదికి బయల్దేరాం. మొదటి కొండ 2,584 మీటర్లు. ఎక్కుతూ చాలామందిని దాటాను, లోలోపల గర్వపడ్డాను కూడా. మధ్యాహ్నం దాటాక గ్రాండ్ కోల్ ఫెర్రే ఎక్కాం. ఇటలీకీ స్విట్జర్లాండ్‌కీ సరిహద్దు అదే, 2,537 మీటర్లు. పైన గాలి చెంపల మీద కొట్టినట్టుంది. అవతల పక్క పది కిలోమీటర్ల దిగుడు. పచ్చిక, ఆవుల మెడగంటలు, కింద బొమ్మల కొలువులా ఊళ్ళు. హమ్మయ్య, ఇక సుఖం అనుకున్నాను. ఆ సుఖంలోనే నా పరుగు అయిపోయిందని తెలిసేసరికి అర్ధరాత్రి దాటింది.

ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు బరువు మోస్తూనే సాగుతుంది. మీద పడే ఒంటిని అడుగడుక్కీ బ్రేకు వేసి పట్టుకోవాలి. ఆ లాగుడులో కండరం పోగులు సన్నసన్నగా చిట్లుతాయి. ఊపిరికి కష్టం ఉండదు కాబట్టి ఆ క్షణాన ఏమీ తెలీదు, బిల్లు తర్వాత వస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఒక్కసారి బాగా దిగి ఆ నొప్పి పడ్డ కాళ్ళు కొన్ని వారాలపాటు అదే దెబ్బని చాలావరకు తట్టుకుంటాయి. దిగడం దిగితేనే వస్తుందన్నమాట. నా కాళ్ళకి ఆ అవకాశం నేనెప్పుడూ ఇవ్వలేదు.

షాంపేలో వేడి సూపు తాగి, అమ్మ కట్టిచ్చిన చెనక్కాయల ఉండ ఒకటి నమిలి, లైటు తగిలించుకుని చీకట్లోకి నడిచాను. మళ్ళీ ఎక్కుడు. ఎక్కగలిగాను, చూడండి! అప్పుడు కూడా ఎక్కగలిగాను. తర్వాత త్రియాం అనే ఊరికి దిగుడు మొదలైంది. వేర్లు, రాళ్ళు, తడిమట్టి. తొడలు నావి కాకుండా పోయాయి. కర్రల మీద వాలి పక్కకి తిరిగి పీతలా దిగాను, కాసేపు వెనక్కి తిరిగి నడిచాను, ఒకచోట కూర్చుని జారాను. మామూలుగా గంట పట్టే చోట నాకు రెండు గంటలు దాటింది.

అక్కడే ఒకావిడ నన్ను దాటింది. అరవై ఏళ్ళకి తక్కువ ఉండవు. సాయంత్రం ఎక్కుడులో నేను దాటిన మనిషే, టోపీ గుర్తు. చిన్న చిన్న అడుగులు, చప్పుడు లేదు. చూపు కాళ్ళ దగ్గర కాదు, నాలుగు గజాల ముందు. ఆమె వాలుతో పోట్లాడటం లేదు. వాలు ఎటు తీసుకుపోతే అటు, అదుపులో. మూడు మలుపుల కింద ఆమె లైటు కనిపించింది, తర్వాత అదీ లేదు.

త్రియాంలో గులాబీ రంగు చర్చి ఒకటుంది. నేను చేరేసరికి దాని మీద తెల్లవారుతోంది. గడువు దాటిపోయింది. అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా నా నంబరు రాసుకుని, భుజం తట్టి, బయట నిలబడ్డ వాహనం వైపు చెయ్యి చూపించింది. పరుగు ఆగిపోయినవాళ్ళని షామనీ చేర్చడానికి పెట్టింది అది.

బస్సు. నవ్వొచ్చింది. ఎక్కడానికి దానికున్న మూడు మెట్లు చాలలేదు, ఎవరో చెయ్యిచ్చి లాగారు.

కిటికీ పక్కన కూర్చుంటే దావా షెర్పా గుర్తొచ్చాడు. ఈ కొండల చుట్టూ పెద్ద పరుగు మొదటిసారి పెట్టింది 2003లో. వానలో, చలిలో ఏడు వందల మందికి పైగా బయల్దేరితే షామనీకి తిరిగొచ్చింది 67 మంది. గెలిచింది స్విట్జర్లాండ్‌లో తాపీపని చేసుకునే ఈ నేపాలీ, ఇరవై గంటల చిల్లరలో. ఆ కథ చదివి మనలాంటి కొండవాడేగా అని మురిసిపోయాను. ఆయన కొండవాడు, ఎక్కిన కొండని కాళ్ళతోనే దిగి పెరిగినవాడు. నేను కొండ కింద ఊరివాణ్ణి. ఈ తేడా ఆరు నెలల్లో ఒక్కసారీ తోచకపోవడం నా తెలివి.

ఇంటికొచ్చాక మూడు వారాలు ఆగి అలిపిరి మెట్లు దిగాను. పరిగెత్తలేదు, ఎదురుగా భక్తులు వస్తుంటే పరిగెత్తడం మర్యాద కాదు. నెమ్మదిగా, కుంకుమ పెట్టిన చోట కాలు పడకుండా అంచుల వెంట. మండుటెండలో గాలిగోపురం దాకా వచ్చేసరికి తొడలు వణికాయి. ఎక్కుతున్న ఒక పెద్దాయన ఆగి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం నాయనా, బస్సుకి డబ్బుల్లేవా?"

"ఉండాయి తాతా. దిగడం నేర్చుకుంటా ఉండా."

ఆయన ఏమనుకున్నాడో, "గోవిందా" అని నిట్టూర్చి పైకి పోయాడు. తర్వాత మూడు రోజులు ఆఫీసులో కుర్చీలో కూర్చోవడానికి బల్ల పట్టుకోవాల్సొచ్చింది. రెండోసారి నొప్పి రెండు రోజులే. నాలుగోసారికి అసలు లేదు.

ఈ ఏడు లాటరీలో నా పేరు రాలేదు. శనివారాలు దిగుతూనే ఉన్నాను. బస్సు ఛార్జీకని జేబులో వేసుకునే వంద నోటు ఇప్పుడు ఇంట్లోనే, దేవుడి గూట్లో ఉంటోంది.