రాబెన్ దీవిలోని పంక్తిభేదము

వీపున సంచి వేసికొని దేశములు చూచు పడుచువారితో గూడి మేమును దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నగరమును జేరితిమి. బల్లవలె చదునైన యచ్చటి పర్వతమును గూర్చి వ్రాసినవారనేకులు గలరు గనుక దానిని విడిచెదము. మరునాడు రేవున నోడ యెక్కి రాబెన్ దీవికి బోయితిమి.

ఆ దీవిలోని చెరసాలయందు నెల్సన్ మండేలా 1964 మొదలు 1982 వఱకు నుండెను. వచ్చినవారెల్లరు నాతని యిఱుకుగది చూచుటకై తొందరపడుదురు. మమ్ము మాత్రము ఖైదీల యాహారపట్టిక యొకటి నిలువరించినది. ఆసియావారికిని మిశ్రజాతివారికిని మాంసము 6 ఔన్సులు, నల్లవారికి 5. మొదటివారికి రొట్టె గలదు, రెండవవారికి లేదు. బట్టలయందు నింతే. ఒకే దినమున, ఒకే న్యాయస్థానమున యావజ్జీవశిక్ష పడినవారిలో భారతసంతతివాడగు అహమ్మద్ కత్రాడాకు పొడుగులాగు, మండేలాకు పొట్టిలాగు!

ఈ పట్టిక వ్రాసినది తెల్లదొరలే. అయినను మన కిది క్రొత్తయా? మన సంతర్పణలలో నెవరి విస్తరి యెచ్చట వేయవలయునో తెలుపుటకు పలకయైన నక్కఱలేకపోయెను. పైవరుసలో మనవారున్నారని సంతసింపవలయునా?

కత్రాడా సంతసింపలేదు. తనకిచ్చిన పొడుగులాగును నిరాకరింపదలచెను. మండేలా మొదలగువారు వలదనిరి. దక్కినదానిని వదలుకొనక, అందఱికిని దక్కువఱకు పోరాడుటయే వారి మతము. ఖైదీలందఱకు నొకే యాహారమని యధికారులు ప్రకటించినది 1979లో. అప్పటికి వారా దీవికి వచ్చి 15 సంవత్సరములు.