మంచుకో టైరు, మా ఎండకో టైరు

ఎండాకాలం వచ్చిందంటే జిల్లా పేపర్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. "టైరు పేలడంతో కారు అదుపు తప్పి బోల్తా పడింది." ఆ తర్వాత ఎంతమంది పోయారు, ఎంతమందిని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు అనే లెక్క. అంతే, వార్త అయిపోయింది. టైరు ఎందుకు పేలింది, అది ఏ సంవత్సరం టైరు, అందులో గాలి ఎంత ఉండింది అని రాసేవాడు ఉండడు, అడిగేవాడూ ఉండడు. పిడుగు పడినట్టు, పాము కరిచినట్టు, టైరు కూడా దానంతటదే పేలుతుందన్నమాట. మనవాళ్ళు దానికి "రాత" అని పేరు పెట్టి ఊరుకుంటారు. నాకు ఈ రాత మాట మీద ఎప్పటినించో కోపం.

2025 దసరా అయిన వారంలో నాకు టైర్ల గురించి రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది జమ్మలమడుగు జతగాడి నించి. వాడు కొత్తగా మిషిగన్ పోయాడు, ఇదే మొదటి చలికాలం. "ఆఫీసులో అందరూ మంచు టైర్లు కొనమంటాన్నారు. ఐదారు వందల డాలర్లు అవుతుందంట. ఉన్నవాటికి బటన్ బాగానే ఉంది కదరా, ముందర రెండు మారిస్తే చాలదా?" అన్నాడు. (బటన్ అంటే మా వైపు టైరు మీద ఉండే గాట్లు.)

రెండోది పులివెందులలో మా చిన్నాయన. ఆయనకి చీనీ తోట, ఒక చిన్న కారు. వేసవి సెలవుల్లో మనవళ్ళొస్తే అందరినీ ఎక్కించుకుని తిరప్తి పోవడం ఆయనకి ఏటా ఉన్న మొక్కు. "మెకానిక్కు నాలుగు టైర్లూ మార్చమంటాండాడు రా అబ్బీ. బటన్ సూస్తే ఇంకా నిండుగా ఉండాది. రెండు మారిస్తే సాలదా?"

ఒకరిది గడ్డకట్టే చలి, ఇంకొకరిది మాడ్చే ఎండ. ప్రశ్న మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే. ఇద్దరూ చూస్తున్నది గాట్ల లోతు. ఇద్దరూ చూడాల్సింది రబ్బరు.

ముందు జతగాడి సంగతి. చలికాలం పొద్దున్నే సీసాలో కొబ్బరినూనె గడ్డ కట్టడం మనందరం చూసిందే. మామూలు టైరు రబ్బరు కూడా అలాంటిదే. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పోయేకొద్దీ బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోవడం మానేస్తుంది. అంటే మంచు పడకపోయినా, రోడ్డు పొడిగా ఉన్నా, చలికే పట్టు తగ్గుతుంది. మంచు టైర్లలో రబ్బరు చలికి కూడా మెత్తగా ఉండేట్టు కలుపుతారు. గాట్ల మధ్య మళ్ళీ బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలుంటాయి. అవి మంచును పట్టుకుంటాయి. గాట్లలో మంచు కూరుకుపోయినా నష్టం లేదు, లాభమే. మంచుకు మంచే బాగా అతుక్కుంటుంది.

మా జమ్మలమడుగు నల్లరేగడి దీనికి సరిగ్గా తలకిందులు. వానపడ్డాక శనగ చేలల్లోకి బండి తీసుకుపోయినవాళ్ళకి తెలుసు. మట్టి గాట్లలో నిండిందంటే కొత్త టైరు కూడా క్షణంలో గుండు టైరైపోతుంది. మట్టి మట్టి మీద జారుతుంది. మా వాడికి మంచు సంగతి రెండు నిమిషాల్లో అర్థమైంది ఈ పోలికతోనే :)

వాడికి చెప్పినవి క్లుప్తంగా. టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని రాసి ఉంటే దాన్ని చూసి మోసపోవద్దు, అది గాట్ల ఆకారం గురించి కంపెనీ చెప్పుకునే మాట మాత్రమే. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు బొమ్మ ఉండాలి. మంచు మీద పరీక్ష పాసైన టైరుకే ఆ బొమ్మ ఇస్తారు. ఆ పరీక్షా ముఖ్యంగా మంచులో ముందుకు కదలడం గురించే, గడ్డకట్టిన నున్నటి ఐసు మీద ఆగడం గురించి కాదు. కాబట్టి బొమ్మ ఉంది కదాని ధైర్యం పెంచుకోకూడదు. వేస్తే నాలుగూ వేయాలి. ముందర రెండే వేస్తే ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం ఆగకుండా తిరిగొచ్చి ముందుకొస్తుంది. సెకండ్ హ్యాండ్ దొరికితే తీసుకోవచ్చు, కానీ గాట్లు 4 మిల్లీమీటర్ల దగ్గరికి అరిగినవి మంచులో పనికిరావు.

ఇకపోతే ఖర్చు. మంచు టైర్లు వేసుకున్న నాలుగు నెలలూ మామూలు టైర్లు షెడ్డులో పడుకుంటాయి. అవి అరగవు. రెండు సెట్లూ కలిపి చూస్తే కొన్న డబ్బులో చాలామటుకు తిరిగొచ్చినట్టే. చవక రకం ఇనుప డిస్కులు నాలుగు కొని మంచు టైర్లు వాటికే బిగించి ఉంచుకుంటే ఏటా రెండుసార్లు విప్పి ఎక్కించే కూలీ కూడా తగ్గుతుంది. కెనడాలో క్యూబెక్ రాష్ట్రం 2008లో చలికాలం టైర్లను చట్టం చేసేసింది, ఇప్పుడక్కడ డిసెంబరు 1 నించి మార్చి 15 దాకా తప్పనిసరి. మిషిగన్లో అలాంటి బలవంతం లేదు కాబట్టే మా వాడు బేరం ఆడుతున్నాడు.

వాడు వినేశాడు. మంచును ఎన్నడూ చూడనివాడికి మంచంటే భయం ఉంటుంది, అది మంచిదే. చిన్నాయనకి ఎండంటే భయం లేదు. పుట్టినప్పటినించీ చూస్తున్నాడు కదా. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

మా వైపు మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలు. అది నీడలో లెక్క. మధ్యాహ్నం తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే రోడ్డు వేడెంతో అరికాలే చెప్తుంది. టైరు ఆ రోడ్డు మీద నిమిషానికి కొన్ని వందలసార్లు నలుగుతూ తిరుగుతుంది. నలిగిన ప్రతిసారీ లోపల్నించి వేడి పుడుతుంది. గాలి తక్కువగా ఉంటే టైరు పక్కలు ఇంకా ఎక్కువ వంగుతాయి, ఇంకా ఎక్కువ వేడి. ఆ వేడికి లోపలున్న స్టీలు తీగల పొర, దాని మీద రబ్బరు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. బయటికి "టైరు పేలింది" అని వినపడేది చివరి సెకను మాత్రమే. ఆ పొర విడిపోవడం ఎన్నో రోజుల ముందు మొదలై ఉంటుంది.

ఇది నా సిద్ధాంతం కాదు. వైటూకే రోజుల్లో అమెరికా పోయినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ సుమారు 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకి వేసినవి. నడుస్తుండగా పైపొర ఊడిపోయి బండ్లు బోల్తా పడి రెండు వందల మందికి పైగా పోయారు. ముందుగా ఏ రాష్ట్రాల్లో మార్చారో చూడండి: అరిజోనా, కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సాస్. అన్నీ ఎండ రాష్ట్రాలే. టైర్ల తయారీలో లోపాలు ఉన్నాయి, సరే. దానికి తోడు ఆ బండికి ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్ఐ. గాలి తక్కువ, ఎండ ఎక్కువ, స్పీడు, బరువు, అన్నీ కలిశాయి. ఆ ఏడాది నవంబరులోనే దీని మీద చట్టం వచ్చింది. అక్కడి కార్లలో గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద వెలిగే పసుపు లైటు ఆ చావుల పుణ్యమే.

చిన్నాయన కార్లో ఆ లైటు లేదు. అందుకని గాలి సంగతితో మొదలుపెట్టాను. ఆయనకి ఇంకో అలవాటు ఉంది, మా జిల్లాలో చాలామందికి ఉన్నదే. ఎండాకాలం టైర్లు పేలతాయని గాలి కొంచెం తక్కువ కొట్టిస్తారు. దూరం పోయి ఆగినప్పుడు టైరు పట్టుకుని చూసి, కాలితే కొంచెం గాలి వదిలేస్తారు. ఇది ప్రాణాల మీదికి తెచ్చే జాగ్రత్త. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 32 ఉన్న టైరు, మధ్యాహ్నం వేడెక్కి 37 చూపించడం మామూలే. కంపెనీవాడు ఆ లెక్క వేసుకునే 32 అని రాశాడు. వేడి మీద 37ని 32కి దింపితే, చల్లారాక అది 28 కిందికి పోతుంది. రేపు పొద్దున అదే 28తో బయల్దేరతాం. ఇంకా ఎక్కువ నలుగుతుంది, ఇంకా ఎక్కువ కాలుతుంది, ఇంకొంచెం గాలి వదుల్తాం! లూపులో పడ్డ ప్రోగ్రాం లాగా.

నైట్రోజన్ కొట్టిస్తే ఈ బాధ ఉండదని ఎవరో ఆయనకి చెప్పారట. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే కదా చిన్నాయనా అన్నాను. వేడికి అదీ వ్యాకోచిస్తుంది. బంకులో ఉచితంగా కొట్టే గాలి చాలు, పదిహేను రోజులకొకసారి పొద్దున్నే కొట్టిస్తే.

తర్వాత వయసు. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది, దాని చివర నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ నాలుగంకెలు టైరుకి ఒకవైపే ఉండొచ్చు, సహజంగా మనకి కావలసినప్పుడు లోపలివైపే ఉంటాయి. తోటలో పనిచేసే పిల్లోణ్ణి సెల్లు టార్చి ఇచ్చి కారు కిందికి దూర్చారు. "ఒకటి, రెండు, ఒకటి, ఆరు" అని అరిచాడు. అంటే 2016లో పన్నెండో వారం. కారుతో వచ్చినవే, నాలుగూ! కారు తిరిగింది ముప్పై అయిదు వేల కిలోమీటర్లు. అందుకే బటన్ నిండుగా ఉంది.

రోజూ తిరిగే బండికి టైరు అరిగి చస్తుంది, మనకి కనబడుతుంది. వారానికొకసారి పులివెందుల నించి వేంపల్లె దాకా పోయొచ్చే బండికి టైరు ఎండి చస్తుంది, పైకి కనబడదు. రబ్బరు వేడికి, గాలికి లోలోపల ఎండిపోతూ ఉంటుంది. అమెరికా ప్రభుత్వం టైర్ల ముసలితనం మీద పరీక్షలు చేసినప్పుడు వాడిన టైర్లను ఫీనిక్స్ నగరం నించి ఏరుకొచ్చారు. ఎందుకంటే అది వాళ్ళ కడప. చాలామంది కార్ల కంపెనీలవాళ్ళు ఆరేళ్ళు దాటితే మార్చమంటారు, పదేళ్ళయితే గాట్లు ఎంత ఉన్నా తీసెయ్యమనేది అందరూ ఒప్పుకునే మాట. మా వైపు ఎండకి నేనైతే ఆరుకే ఓటేస్తాను.

"అట్లయితే రీబటన్ ఏపిస్తా, లారీలోళ్ళు ఏపిస్తాల్యా?" అన్నాడు. ఏమాటకామాటే, రీబటన్ని తక్కువ చెయ్యకూడదు. విమానాల టైర్లకి కూడా మళ్ళీ మళ్ళీ కొత్త పొర వేసి వాడతారు. యర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు, నాపరాయి తోలే లారీలవాళ్ళకి అది బతుకుదెరువు లెక్క. కానీ వాళ్ళ పద్ధతి చూడండి: ముందర కొత్తవి వేస్తారు, రీబటన్వి వెనక జతల్లో వేస్తారు. ఒకటి పోయినా పక్కది మోస్తుంది. లారీ టైరు ఒళ్ళు కూడా రెండో బతుక్కి తట్టుకునేట్టు కట్టింది. చిన్న కారు టైరుకి ఆ ఒళ్ళు లేదు, పక్కన మోసే జత లేదు. పదేళ్ళ ఎండిన ఒంటి మీద కొత్త బటన్ అతికిస్తే చూడ్డానికి బాగుంటుంది, అంతే.

మరి చవక ఎక్కడ? కొన్నిచోట్ల ఉంది. పేరున్న కంపెనీల్లోనే మామూలు రకం తీసుకోవచ్చు, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. సైజు, బరువు నంబరు, స్పీడు అక్షరం కారు పుస్తకంలో ఉన్నదానికి తగ్గకూడదు. వెడల్పు టైర్లు, మెరిసే డిస్కులు అక్కర్లేదు. జీఎస్టీ 28 నించి 18 శాతానికి 2025 సెప్టెంబరు 22న తగ్గింది, ఆ తగ్గింపు బిల్లులో కనబడుతోందా అని అడగాలి. "పాత స్టాకు, రేటు తగ్గిస్తా" అన్నచోట మాత్రం బేరం ఆడకూడదు. మూడేళ్ళ కింద తయారై రేకుల షెడ్డులో ఉడికిన టైరుని నాలుగు వందలు తగ్గించి కొనడం నష్టం. నిజంగా రెండే కొనే డబ్బుంటే కొత్తవి వెనక వేసుకోవాలి. చిన్నాయనకి ఆ మినహాయింపు కూడా ఇవ్వలేదు నేను, నాలుగుకి నాలుగూ ముసలివే కాబట్టి.

పులివెందులలోనూ షాపులున్నాయి గానీ ప్రొద్దుటూరు పొమ్మన్నాను. ప్రొద్దుటూరు వ్యాపారం ఊరు, సరుకు తొందరగా తిరుగుతుంది. కూరగాయలైనా టైర్లైనా ఎక్కువ అమ్ముడుపోయే చోటే తాజావి దొరుకుతాయి. యర్రగుంట్ల మీదుగా మెల్లగా, పొద్దున్నే పోయాడు. షాపాయన మొదట రెండు కొత్తవి, రెండు ఏడాదిన్నర కిందటివి తెచ్చి పెట్టాడట. చిన్నాయన టార్చి వేసి నాలుగంకెలూ చదివేసరికి ఆయన నవ్వి, "యాడ నేర్చుకున్యావు పెద్దాయనా?" అని లోపలికి పోయి ఇంకో రెండు తెచ్చాడు. అలైన్మెంటు, బ్యాలెన్సింగు తో సహా పద్దెనిమిది వేల చిల్లర. తిరుపతి దాకా ఆరుగురు మనుషుల కింద ఉండేది ఆ నాలుగు అరచేతులంత రబ్బరే అనుకుంటే నాకైతే ఎక్కువ అనిపించలేదు. ఆయనకి అనిపించింది. రెండు రోజులు ఫోన్ చెయ్యలేదు.

జతగాడు కూడా నాలుగూ వేసుకున్నాడు, డిస్కులతో సహా. ఇప్పుడు మొదటి మంచు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

ఒక్కటే మిగిలింది. చిన్నాయన కారు డిక్కీలో స్టెప్నీ కూడా 2016దే, ఒక్కసారి కూడా నేల తాకలేదు. "వాడని టైరుకు వయసేందిరా, కొత్త పెళ్ళికూతురు మాదిరి ఉండాది" అంటాండాడు. మేలో తిరప్తి ప్రయాణం. ఆలోపల ఒప్పించాలి.