గాలి అదుపులో అగ్ని: విశాఖ ఉక్కు కర్మాగార సందర్శనం

విశాఖపట్నం నగరానికి నైరుతి దిశలో, గాజువాక దాటాక వచ్చే కూర్మన్నపాలెం కూడలి నుంచి సముద్రం వైపు విస్తరించిన ఉక్కు కర్మాగారం, నిప్పు ధరించగల రూపాలన్నింటినీ దాదాపు ఒకే ప్రహరీ లోపల చూడగలిగిన చోటు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదంతో చెలరేగి 32 మంది ప్రాణాలు పోవడానికి దారితీసిన ఉద్యమం, 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ చేసిన శంకుస్థాపన, 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలగడం, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితం కావడం తెలుగు పాఠకులకు తెలిసిన చరిత్రే. ఆ గోడల లోపల నిప్పు ఏ క్రమశిక్షణతో పనిచేస్తుందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ముందస్తు అనుమతి పొంది, హెల్మెట్, భద్రతా బూట్లు ధరించి లోపలికి వెళ్లిన సందర్శకులకు ఒక్కొక్క విభాగం దాటుతున్నకొద్దీ స్పష్టమయ్యే విషయం ఒకటే: ఇక్కడి పనివారు నిప్పును నేరుగా అదుపు చేయరు, దానికి అందే గాలిని అదుపు చేస్తారు.

ఉక్కు తయారీకి కావలసిన ఇనుప ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండల నుంచి రైలు మీద, కోకింగ్ బొగ్గులో అధికభాగం ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఓడల మీద, సున్నపురాయి జగ్గయ్యపేట గనుల నుంచి వస్తాయి. కోకింగ్ బొగ్గు అంటే వేడికి మెత్తబడి, ముద్దగా అతుక్కుని, మళ్లీ గట్టిపడే గుణమున్న బొగ్గు. సింగరేణిలో ప్రధానంగా దొరికే బొగ్గుకు ఈ గుణం లేదు కాబట్టి అది విద్యుత్కేంద్రాల బాయిలర్లకు పనికివచ్చినంతగా ఈ పనికి రాదు.

కర్మాగారంలో నిప్పుతో మొదటి పరిచయం కోక్ ఓవెన్ల దగ్గర జరుగుతుంది. తవ్వి తెచ్చిన బొగ్గును బ్లాస్ట్ ఫర్నేసులో నేరుగా వేస్తే పైనున్న ఖనిజపు బరువుకు అది పొడి అయి గాలి దారులను మూసేస్తుంది. అందువల్ల ముందుగా దానిలోని తారును, వాయువులను వెళ్లగొట్టి, గట్టి కర్బనపు గడ్డలుగా, అంటే కోక్‌గా మార్చుకోవాలి. ఇంగ్లండులోని కోల్‌బ్రూక్‌డేల్‌లో 1709లో ఏబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుము కరిగించి చూపేవరకు ఐరోపా కొలుములన్నీ కట్టె బొగ్గు మీదే ఆధారపడ్డాయి. విశాఖలో ఒక్కొక్క ఓవెన్ 7 మీటర్ల ఎత్తు, సుమారు 16 మీటర్ల పొడవు ఉండి, వెడల్పు మాత్రం అర మీటరుకు లోపే ఉన్న ఇరుకైన గది. ఇటువంటి గదులను పక్కపక్కన పేర్చిన వరుసను బ్యాటరీ అంటారు. గదికీ గదికీ మధ్యనున్న సిలికా ఇటుకల గోడల లోపలి దారుల్లో వాయువు మండుతూ ఉంటుంది; ఆ గోడకు ఇవతల సుమారు 30 టన్నుల బొగ్గు వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతూ కూడా మండదు. గది తలుపులను, పై మూతలను గాలి చొరకుండా బిగించి ఉంచడమే అందుకు కారణం. 16 నుంచి 18 గంటల పాటు ఇలా ఉడికిన బొగ్గు నుంచి వెలువడే వాయువులో సగానికి పైగా హైడ్రోజన్, దాదాపు నాలుగో వంతు మీథేన్ ఉంటాయి. తారు, అమ్మోనియా, బెంజాల్ వంటి వాటిని వేరుచేశాక ఆ వాయువు మళ్లీ కర్మాగారానికే ఇంధనంగా అందుతుంది.

ఓవెన్ ఖాళీ చేసే ఘట్టం ఇక్కడ దగ్గరగా గమనించదగినది. ఒకవైపు పుషర్ యంత్రం, మరోవైపు కోక్‌ను అందుకునే యంత్రం తలుపులు ఊడదీసిన క్షణంలో, ఏడు మీటర్ల ఎత్తున నిలబడిన కోక్ గోడ నారింజ రంగులో, నిలువు బీటలతో కనిపిస్తుంది. తలుపు తెరిచేదాకా దాని మీద మంట లేదు. బయటి గాలి తగిలిన మరుక్షణమే ఆ బీటల అంచుల వెంట పసుపు నాలుకలు లేస్తాయి. పుషర్ దూలం వెనుక నుంచి నెట్టగా ఆ గోడ పెళ్లలు పెళ్లలుగా విరిగి కింది బకెట్టులోకి జారిపోతుంది. ఆ కొద్ది నిమిషాలను సాగనిస్తే ఇన్ని గంటల శ్రమతో తయారైన ఇంధనం అక్కడే కాలి బూడిద కావడం మొదలవుతుంది కనుక దాన్ని వెంటనే చల్లార్చాలి. చాలా కర్మాగారాల్లో ఆ పనికి నీళ్లు కుమ్మరిస్తారు. దానితో కోక్ చల్లారుతుంది గాని అందులోని వేడి అంతా ఆవిరై ఆకాశంలో కలిసిపోతుంది. విశాఖలో అనుసరించే పొడి చల్లార్పు పద్ధతిలో కోక్‌ను మూసిన గదిలోకి దింపి, మంటకు తోడ్పడని నత్రజనిని దాని గుండా తిప్పుతారు. కోక్ సుమారు 200 డిగ్రీలకు దిగేసరికి ఆ వేడిని మోసుకొచ్చిన నత్రజని బాయిలర్లో నీటిని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరి విద్యుదుత్పత్తికి ఉపయోగపడుతుంది.

కోక్ ఓవెన్లలో గాలిని బయటే ఉంచిన కర్మాగారం, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గరకు వచ్చేసరికి అదే గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. విశాఖలోని మూడు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. పై నుంచి కోక్ ఒక పొర, ఖనిజం ఒక పొర వంతున పోస్తుంటే, అడుగున చుట్టూ అమర్చిన రాగి ముక్కుల గుండా, వీటినే ట్యూయర్లు అంటారు, వేయి డిగ్రీలకు మించి వేడెక్కిన గాలి లోపలికి దూసుకుపోతుంది. పల్లెలో కమ్మరి తిత్తితో కొలిమిలోకి ఊదేది చల్లటి గాలే. 1828లో స్కాట్లాండుకు చెందిన జేమ్స్ నీల్సన్ గాలిని ముందుగా వేడి చేసి పంపితే ఇంధనం గణనీయంగా ఆదా అవుతుందని నిరూపించాక ఇనుప పరిశ్రమ రూపమే మారిపోయింది. ఫర్నేసు పక్కన గుమ్మటాల్లా నిలబడే ఎత్తైన స్టవ్‌లు ఆ పనికే ఉద్దేశించినవి: ఒక స్టవ్‌లో వాయువును మండించి లోపలి జాలీ ఇటుకలను కాలుస్తుంటే, అప్పటికే కాలి ఉన్న మరో స్టవ్ గుండా గాలి ప్రవహించి ఆ వేడిని తీసుకుంటుంది, కొంతసేపటికి వాటి వంతులు మారుతాయి.

ట్యూయర్ వెనుక అమర్చిన చిన్న గాజు కంతలో నుంచి, కళ్లకు నీలి అద్దం అడ్డుపెట్టుకుని చూస్తే ఫర్నేసు గర్భంలో కొంత భాగం కనబడుతుంది. అక్కడ మంట నాలుకలు లేవు. రెండు వేల డిగ్రీలకు మించిన తెల్లని వెలుగు, ఆ వెలుగులో గాలి దెబ్బకు గిరగిరా తిరిగే కోక్ ముక్కలు మాత్రమే ఉంటాయి. ముక్కలు చురుకుగా తిరుగుతుంటే ఫర్నేసు ఆరోగ్యంగా ఉందని, మసకబారిన ముద్దలు అడ్డం పడుతుంటే లోపల చలి చేరుతోందని అనుభవజ్ఞులు ఆ కంతలో చూసే చెప్పగలరు. ఈ మంటను ఉద్దేశపూర్వకంగానే అసంపూర్ణంగా ఉంచుతారు. కర్బనం పూర్తిగా కాలితే కార్బన్ డయాక్సైడ్ మిగిలి అక్కడితో కథ ముగుస్తుంది. కోక్ సమృద్ధిగా, ప్రాణవాయువు కొరతగా ఉన్నచోట కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. ఈ వాయువుకు ప్రాణవాయువు కోసం తీరని ఆకలి ఉంటుంది కాబట్టి, పైకి పోతూ ఖనిజంలో ఇనుముతో కలిసి ఉన్న ప్రాణవాయువును లాక్కుంటుంది. తుప్పును తిరిగి లోహంగా మార్చే ఈ చర్యనే క్షయకరణం అంటారు. పై నుంచి వేసిన ఖనిజం గంటల తరబడి కిందికి దిగుతూ, ఈ వాయువు తాకిడికి ఇనుమై, కోక్ నుంచి సుమారు 4 శాతం కర్బనాన్ని పీల్చుకుని కరిగి, అడుగున మడుగు కడుతుంది.

ఆ మడుగును బయటికి తీయడాన్ని ట్యాపింగ్ అంటారు. మట్టితో మూసిన కంతను డ్రిల్లింగ్ యంత్రం తొలిచిన మరుక్షణం ద్రవ ఇనుము ఇసుక, వేడిని తట్టుకునే మట్టితో తీర్చిన రన్నర్ అనే కాలువలోకి దూకుతుంది. తేలికైన మలినం, అంటే స్లాగ్, దాని మీద తేలుతూ వచ్చి అడ్డుగట్టు దగ్గర పక్క కాలువలోకి మళ్లగా, బరువైన ఇనుము ఆ గట్టు కింద నుంచి సాగి లాడిల్ అనే పెద్ద పాత్రలో పడుతుంది. వెండి పూత కోటు వేసుకున్న కార్మికుడు పొడవాటి కడ్డీకి తొడిగిన కాగితపు గొట్టాన్ని ఆ ప్రవాహంలో ముంచుతాడు. గొట్టం కాలిపోయేలోగా, కొద్ది సెకన్లలోనే, దాని కొసనున్న థర్మోకపుల్ వేడిని కొలిచి 1,500 డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్న అంకెను తెరమీద చూపుతుంది. కాలువ మీద పూల చెండ్లలా విచ్చుకునే రవ్వలు ఇనుము గాలిలో మండుతున్నదనడానికి నిదర్శనం: తుంపర ఎంత చిన్నదైతే దానికి తగిలే గాలి అంత ఎక్కువ, అందుకే ప్రవాహం నిబ్బరంగా సాగుతుంటే తుంపరలు మాత్రమే కాలుతాయి. చల్లబడుతున్న ఇనుము నుంచి విడివడిన గ్రాఫైట్ పొరలు, వీటిని కిష్ అంటారు, మెరుస్తూ ఎగిరి సందర్శకుల చొక్కాల మీద వాలుతాయి. ఇక్కడ అందరూ భయపడేది మంటకు కాదు, తడికి; రన్నర్‌లో గాని లాడిల్‌లో గాని చెమ్మ మిగిలితే అది ద్రవ లోహం కింద చిక్కుకుని ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది కాబట్టి, లోహం చేరే ప్రతి పాత్రనూ ముందుగా గ్యాసు మంటతో కాల్చి ఆరబెడతారు.

బ్లాస్ట్ ఫర్నేసును ఒకసారి వెలిగిస్తే ఏళ్ల తరబడి ఆర్పరు. ఆరితే లోపలి లోహం గడ్డకట్టి దాన్ని తొలగించడమే పెద్ద యజ్ఞమవుతుంది. కొన్నాళ్లు ఉత్పత్తి ఆపక తప్పనప్పుడు అదనంగా కోక్ వేసి, గాలి ఆపేసి, ట్యూయర్లను మట్టితో మూసి ఉంచే పద్ధతిని బ్యాంకింగ్ అంటారు. రాత్రి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పి తెల్లవారాక ఊదుకునే ఇల్లాలి పనికీ దీనికీ సూత్రం ఒకటే, తేడా పరిమాణంలోనే ఉంది.

ఉక్కు ద్రవీకరణ విభాగంలో నిప్పు మరో రూపం దాలుస్తుంది. 4 శాతం కర్బనమున్న ఇనుము పెళుసుగా ఉంటుంది. దాన్ని ఉక్కుగా మార్చాలంటే ఆ కర్బనాన్ని చాలామటుకు తీసెయ్యాలి. సుమారు 150 టన్నులు పట్టే కన్వర్టర్ అనే పాత్రలో ఇనుము పోసి, నీటితో చల్లబరిచే గొట్టం ద్వారా దాదాపు శుద్ధమైన ప్రాణవాయువును ధ్వనిని మించిన వేగంతో దాని మీదకు ఊదుతారు. ఇక్కడ బయటి నుంచి ఇంధనం వేయరు. ఇనుములోని సిలికాన్, కర్బనాలే ఇంధనమై మండుతాయి, ఆ వేడి ఎంత ఎక్కువంటే దాన్ని తగ్గించడానికి తుక్కు ఇనుమును కూడా అందులో వేస్తారు. ఇరవై నిమిషాలలోపే ముగిసే ఈ ఊదుడులో వెలువడే మోనాక్సైడ్‌ను కన్వర్టర్ మూతి దగ్గర గాలితో కలవనివ్వకుండా ఒక కవచాన్ని దించి పట్టి, శుద్ధిచేసి ఇంధనంగా దాచుకుంటారు. కర్బనం తరిగిపోయినకొద్దీ మూతి దగ్గరి వెలుగు తీరు మారుతుంది. పూర్వం ఆ మార్పును కంటితో చూసి ఊదుడు ఆపేవారు, ఇప్పుడు నమూనా తీసే గొట్టాలు, కంప్యూటర్లు ఆ నిర్ణయాన్ని పంచుకుంటున్నాయి.

కోక్ ఓవెన్లు, ఫర్నేసులు, కన్వర్టర్లు ఇచ్చే మూడు రకాల వాయువులు పెద్ద గొట్టాలలో కర్మాగారమంతా ప్రయాణిస్తాయి. అవసరానికి మించినది ఎత్తైన గొట్టం కొసన మండుతూ రాత్రివేళ దూరం నుంచి కనిపిస్తుంది. వృథాగా తోచే ఆ మంట నిజానికి రక్షణ ఏర్పాటు, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేని విషం, పైగా గాలిలో 12.5 నుంచి 74 శాతం మధ్య ఏ పాళ్లలో కలిసినా రవ్వ తగిలితే అంటుకుంటుంది. గొట్టాన్ని మరమ్మతుకు తెరిచేముందు నత్రజనితో కడగడం, తిరిగి వాయువును వదిలేముందు మళ్లీ నత్రజనితో గాలిని తరిమేయడం, పనివారు జేబుకు వాయు సూచికలు తగిలించుకోవడం, వీటన్నింటి ఉద్దేశం గాలి, వాయువు కలిసే చోటును మనిషి మాత్రమే నిర్ణయించాలన్నదే. ఆ నిర్ణయం చేజారితే ఏమవుతుందో ఈ నగరం చూసింది: 1997 సెప్టెంబర్ 14న విశాఖలోని చమురు శుద్ధి కర్మాగారంలో లీకైన వంటగ్యాసు గాలితో కలిసి అంటుకుని, 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇళ్లలో పొయ్యి మీద నీలిమంటగా పనిచేసే ఇంధనమే ఇది; బర్నర్ కింది కంతలు తగినంత గాలిని ముందుగానే కలుపుతాయి కాబట్టి అక్కడ అది మసి లేకుండా కాలుతుంది, ఆ కంతలు మూసుకుంటే పసుపు మంట లేచి గిన్నెల అడుగు నల్లబడుతుంది. కర్మాగారపు అగ్నిమాపక సిబ్బంది పాటించే నియమాల్లోనూ ఇదే వివేకం కనిపిస్తుంది: కట్టె, కాగితాలకు నీరు, నూనెలకు నురుగు, విద్యుత్ పరికరాలకు కార్బన్ డయాక్సైడ్ వాడతారు, కరిగిన లోహం మీద మాత్రం నీరు చల్లరు, వాయువు లీకై మండుతుంటే సరఫరా వాల్వు కట్టేదాకా మంటను ఆర్పకపోవడమే మేలు, ఆర్పితే మండని వాయువు పోగుపడి పెద్ద పేలుడుకు సిద్ధమవుతుంది.

లోపలికి వచ్చే గాలిని ఇంత నిశితంగా లెక్కగట్టిన పరిశ్రమ, బయటికి పోయేదాన్ని లెక్కగట్టడం ఇటీవలే మొదలుపెట్టింది. బ్లాస్ట్ ఫర్నేసు మార్గంలో టన్ను ఉక్కు తయారయ్యేసరికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలో కలుస్తుంది. స్వీడన్‌లో 2021లో హైడ్రోజన్‌తో ఖనిజాన్ని క్షయకరించి తొలి విడత ఇనుము తీసిన ప్రయోగం, కర్బనం చేసే పనిని హైడ్రోజన్ చేయగలదనీ, మిగిలేది నీటి ఆవిరే అనీ చూపింది. అయితే ఆ హైడ్రోజన్‌ను చౌకైన, కాలుష్యం లేని విద్యుత్తుతో తయారు చేయగలిగినప్పుడే అది విశాఖ వంటి కర్మాగారాలకు అందుబాటులోకి వస్తుంది. నిప్పుకు ఎంత ఊపిరి అందించాలో మూడు శతాబ్దాలుగా నేర్చుకున్న ఉక్కు పరిశ్రమకు, అది విడిచే ఊపిరికి బాధ్యత వహించడం ఇకముందు అంతే ముఖ్యమైన విద్య కానుంది.