వాళ్ళ ఇల్లు అమ్ముడైతేనే

మన మధ్యతరగతిలో రెండో ఇల్లు కొనేవాళ్ళు చాలావరకు మొదటి ఇల్లు అమ్మే కొంటారు. జీవితమంతా కూడబెట్టింది ఆ గోడల్లోనే ఉంటుంది మరి. పిల్లలున్న ఊరికి చేరువగా పోవాలన్నా, మేడమెట్లు ఎక్కలేక కింద ఇల్లు చూసుకోవాలన్నా ముందు ఉన్నది అమ్మాలి. అయినా అలాంటి మనిషి బేరానికొస్తే మధ్యవర్తులు పెదవి విరుస్తారు. "ఆయన కొనేవాడు కాదమ్మా, అమ్మేవాడు. వేరే పార్టీని చూద్దాం" అంటారు.

గుంటూరు బ్రాడీపేటలో మా అత్తగారి ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు నేను విన్న మాట ఇది. వచ్చినాయన తెనాలిలో రిటైరైన హైస్కూలు మాష్టారు. కూతురు గుంటూరులోనే ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ ఇల్లంతా తిరిగి చూశారు, కుళాయి తిప్పి నీళ్ళు రుచి చూశారు, ధర దగ్గర పేచీ పెట్టలేదు. వెళ్ళబోతూ మాష్టారు, "ఉన్నమాట చెబుతున్నానమ్మా. తెనాలి ఇల్లు పోతే తప్ప మీకు పూర్తి పైకం ఇవ్వలేను. బయానా మాత్రం ఇప్పుడే ఇస్తాను" అన్నారు.

ఉన్నమాట ముందే చెప్పిన మనిషిని తోసిపుచ్చకూడదని నా గట్టి నమ్మకం. చెప్పకుండా బయానా ఇచ్చేసి, గడువు దగ్గరపడ్డాక "మా ఇల్లు ఇంకా పోలేదండీ" అని ఫోన్లు చేసేవాళ్ళూ ఉంటారు. చిక్కు రెండుచోట్లా ఒకటే. చెప్పిన మనిషితో అయితే ఆ చిక్కుకి కాగితం మీదే దారి చూసుకోవచ్చు.

ఆ దారి మన చట్టంలో ఎప్పటినుంచో ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 31 నుంచి 36 దాకా ఉన్న సెక్షన్లు 'ఫలానాది జరిగితేనే' అన్న షరతుతో రాసుకునే ఒప్పందాల గురించే. అది జరిగేదాకా ఒప్పందం అమలు చెయ్యమని ఎవరూ అడగలేరు. ఫలానా తేదీలోగా జరగాలని రాసుకున్నప్పుడు, జరగకుండా ఆ తేదీ దాటిపోతే ఒప్పందం చెల్లకుండా పోతుంది. ఎవరి దారి వారిది. కానీ మనం మామూలుగా రాయించుకునే అగ్రిమెంటులో ఈ ఊసే ఉండదు. మూడు నెలల్లో మిగతా పైకం ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని ఒక వాక్యం ఉంటుంది, అంతే. ఆ మూడు నెలల్లో అవతలి ఇల్లు పోకపోతే ఏమిటి? బయానా ఎవరికి? అమ్మేవాళ్ళు మరొకరికి అమ్ముకోవచ్చా? పోనీ గడువు దాటింది కదా అని నిశ్చింతగా ఉందామా అంటే, స్థిరాస్తి ఒప్పందాల్లో గడువు తేదీని సాధారణంగా అంత ప్రధానమైన షరతుగా చూడరని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చాంద్‌రాణి కేసులో చెప్పింది. రాసుకున్న గడువు నుంచి మూడేళ్ళలోపు కొనేవారు దావా వెయ్యవచ్చు. కోర్టులో నెగ్గుతారా లేదా అన్నది తర్వాతి సంగతి. దావాలో ఉన్న ఇంటిని కొనడానికి ఎవరొస్తారు?

అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటుంది. ఇలాంటి బేరానికి ఒప్పుకున్నారంటే మీరు ఒక ఇల్లు కాదు, రెండిళ్ళు అమ్ముతున్నట్టు. కొనేవాళ్ళ ఇంటి కాగితాలు కూడా మీ ఇంటి కాగితాలంత శ్రద్ధగా చూడండి.

"వాళ్ళ ఇంటి కాగితాలు మనమెలా అడుగుతాం, బాగోదు" అన్నారు మా వారు. అడిగితే మాష్టారు సంతోషంగా తెనాలి రమ్మన్నారు. ఆయన భార్య, పిన్నిగారు, బీరువాలోంచి గుడ్డసంచి తీసి మంచం మీద పరిచారు. మాష్టారి తండ్రిగారి దస్తావేజు మడతల దగ్గర చిరిగితే వెనక నుంచి పల్చటి కాగితం అంటించి ఉంది. కరెంటు బిల్లులు ఒక కట్ట, ఇంటిపన్ను రసీదులు ఒక కట్ట. రసీదులు తిరగేస్తుంటే మొన్నటి ఏడాది దాని మీద కూడా తండ్రిగారి పేరే కనబడింది. ఆయన పోయి చాలాకాలమైంది. వీలునామా లేదు.

ఇల్లు ఆయన స్వార్జితం. వీలునామా రాయకుండా పోయారు కనుక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ కొడుకులకీ కూతుళ్ళకీ సమాన వాటాలు. తల్లిగారూ పోయారు. మిగిలింది మాష్టారు, ఆయన చెల్లెలు. ఆవిడ డాలస్‌లో కొడుకు దగ్గర ఉంటుంది.

"మా చెల్లెలు నా మాట కాదనదమ్మా" అన్నారు మాష్టారు. కాదనదని నాకూ అనిపించింది. అయితే ఆవిడ ఒప్పుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ జరగదు. తను రాలేనప్పుడు పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడ నోటరీ ముందో భారత కాన్సులేట్‌లోనో సంతకం చేసి పంపాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఈలోగా తెనాలి ఇల్లు కొనేవాళ్ళు బ్యాంకు లోనుకి వెళితే, బ్యాంకు లాయరు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు అన్నీ అడుగుతాడు. పైగా మధ్యలో ఆషాఢం. ఆ నెలలో కొత్తింటి మాట ఎత్తనివాళ్ళు మనలో ఎంతమందో! వైశాఖంలో కూర్చుని మూడు నెలల గడువు రాసుకుని ఉంటే, అది తప్పిపోతుందని రాసుకున్న రోజే చెప్పవచ్చు. మేం శ్రావణం ఆఖరు దాకా ఇచ్చాం.

ఈ ముడి మన దగ్గరే కాదు. ఇంగ్లండులో ఒకరి ఇల్లు ఇంకొకరి ఇంటితో, అది మరొకరి ఇంటితో ముడిపడి, కొన్ని కుటుంబాలు ఒకే రోజున సామాను సర్దుకోవడం మామూలు. ఒప్పంద పత్రాలు మార్చుకునేదాకా ఎవరైనా తప్పుకోవచ్చు, ఒక్కరు తప్పుకున్నా వరసంతా ఆగిపోతుంది. అమెరికాలో ఈ షరతు కాగితంలోనే రాసుకుంటారు. అమ్మేవారు ఇల్లు ఇంకా చూపించుకుంటూనే ఉండవచ్చని, వేరే బేరం వస్తే మొదటివారికి రెండు మూడు రోజుల వ్యవధి ఇవ్వాలని కూడా కొందరు రాసుకుంటారు. ఆలోగా వాళ్ళు షరతు వదులుకుని కొనాలి, లేదా తప్పుకోవాలి. నాకిది ఇరుపక్షాలకీ న్యాయంగా తోచింది. మా అగ్రిమెంటులో పది రోజులని రాయించాను. తెనాలి ఇంటి వివరాలు, హద్దులతో సహా, మా కాగితంలోకి ఎక్కించాం. శ్రావణం ఆఖరుకి అది పోకపోతే బయానా పూర్తిగా తిరిగి ఇచ్చెయ్యాలని రాశాం.

ఆ బయానా విషయంలో నా అభిప్రాయం కచ్చితంగా ఉంటుంది. షరతు మీద తీసుకున్న పైకం, షరతు తీరేదాకా మనది కాదు. దాన్ని పెళ్ళి ఖర్చుకో అప్పుకో వాడేసి, తిరిగి ఇవ్వాల్సిన రోజున మొహం చాటేస్తే అవతల ఒక కుటుంబం కూలబడుతుంది. మేం చెక్కు తీసుకుని బ్యాంకులోనే ఉంచాం. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా పుచ్చుకోకూడదు, తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే.

ఆదాయపు పన్ను భయంతో మాష్టారి కూతురు కంగారుపడింది. ఆ కంగారు అక్కర్లేదు. పాత ఇల్లు అమ్మగా వచ్చిన లాభంతో మరో ఇల్లు కొంటే, అమ్మకానికి ముందు ఏడాదిలోపు కొన్నా, తర్వాత రెండేళ్ళలోపు కొన్నా మినహాయింపు ఉంది.

ఆషాఢం మధ్యలో మా ఇంటికి వేరే పార్టీ వచ్చింది. ధర కాస్త ఎక్కువ, డబ్బు సిద్ధం. మేం అగ్రిమెంటు ప్రకారం మాష్టారికి ఉత్తరం ఇచ్చాం. పది రోజులు పూర్తికాకుండానే ఆయన తెనాలి ఇంటికి రాసుకున్న అగ్రిమెంటు, చెల్లెలి పవర్ ఆఫ్ అటార్నీ నకలు పట్టుకొచ్చి, షరతు వదులుకుంటున్నట్టు సంతకం చేశారు. ఎక్కువ ధర ఇస్తానన్నాయనకి మావారే ఫోన్ చేసి చెప్పారు.

ఇక మిగిలింది వాళ్ళు ఎక్కడుండాలన్నది. ఈ రకం కొనుగోలుదారుల అసలు కష్టం ఇదే, దీన్ని ఎవరూ పట్టించుకోరు. తెనాలి ఇల్లు కొనేవారు రిజిస్ట్రేషన్ రోజునే ఖాళీ చెయ్యమన్నారు. ఆ పైకం వస్తే గానీ గుంటూరు ఇల్లు వీళ్ళది కాదు. ఆ వయసులో మధ్యలో ఒక అద్దె కొంప వెతుక్కుని, సామాను రెండుసార్లు దింపి ఎక్కించడమంటే పిన్నిగారి మోకాళ్ళకి సాధ్యమా? తెనాలి అగ్రిమెంటు రాసుకునేటప్పుడు, రిజిస్ట్రేషన్ తర్వాత పదిహేను రోజులు ఉండనివ్వమని అడగండని నేనే మాష్టారితో చెప్పాను. ఆయన మొహమాటపడ్డారు. పిన్నిగారే నోరు తెరిచి అడిగారు, అవతలివాళ్ళు సరేనన్నారు.

శ్రావణంలో తెనాలి రిజిస్ట్రేషన్, ఆ మర్నాడు మాది. మేం తాళాలు పైకం ఖాతాలో పడ్డాకే ఇచ్చాం. దానికి మాష్టారు ఏమీ నొచ్చుకోలేదు. తెనాలిలో ఆయనా డబ్బు పడిందని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చాకే సంతకం పెట్టారట.