ఆసియా నుంచి యూరప్ దాకా

ఒక ఖండంలో మొదలై మరో ఖండంలో ముగిసే పరుగుపందెం ఇస్తాంబుల్ మారథాన్. 1979లో ఆరంభమైన ఈ పందెం ఇటీవలి సంవత్సరాలలో నవంబరు నెలలో, ఒక ఆదివారం నాడు జరుగుతోంది. దూరం 42.195 కిలోమీటర్లు. బోస్ఫరస్ జలసంధిపై 1973లో పూర్తయిన వంతెన ఆసియా తీరాన్ని యూరప్ తీరంతో కలుపుతుంది. మామూలు రోజులలో ఆ వంతెన వాహనాలకే పరిమితం. పందెం నాడు మాత్రం దానిపై మనుషుల అడుగుల చప్పుడే వినిపిస్తుంది.

ఉమ్రా ముగించుకొని నేనూ, నా భార్యా, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయీ ఆ నగరం చేరుకున్నాం. నలభై ఆరో ఏట నాకు మధుమేహం బయటపడింది. వైద్యుని సలహాతో మొదలుపెట్టిన నడక నాలుగేళ్ళలో పరుగుగా మారింది. తోడుగా వచ్చిన అమ్మాయికి అదే ఇష్టమైపోయింది. ఫజ్ర్ నమాజ్ తర్వాత విశాఖ బీచ్ రోడ్డుపై భీమిలి వైపు మేమిద్దరం పరుగెత్తడం బంధువులకు రుచించలేదు. పెళ్ళికావలసిన పిల్లకు వీధిలో పరుగులేమిటని మా భాయీజాన్ నిలదీశారు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర.అ.)తో పరుగుపందెం వేసిన సంగతి, మొదటిసారి ఆమే గెలిచిన సంగతి నా భార్య ఆయనకు మర్యాదగా గుర్తుచేసింది. ఆయన ఆనాటికి ఊరుకున్నారు, అంతే.

ఉదయం తొమ్మిదింటికి పందెం మొదలైంది. వంతెనపై చలిగాలి. 64 మీటర్ల కింద ఓడలు బొమ్మల్లా కనిపిస్తున్నాయి. జనం ఉత్సాహంతో ముందుకు దూసుకుపోతున్నారు. దూరపు పరుగులో మొదటి గంట తనను తాను పట్టి ఉంచుకోవాలి. కాలేయంలోనూ కండరాలలోనూ నిలువ ఉండే చక్కెర చాలామందికి ముప్పయ్యో కిలోమీటరు ప్రాంతంలో అడుగంటుతుంది. కొవ్వు కరిగి శక్తిగా మారుతుంది గానీ, ఆ పని నిదానంగా జరుగుతుంది. నావంటి రోగికి ఆ లెక్క మరింత ముఖ్యం. ఆ రోజు మాత్రల మోతాదు వైద్యుడు ముందే నిర్ణయించారు. జేబులో మదీనా ఖర్జూరాలు ఉన్నాయి.

దోల్మాబాచె రాజభవనం, గలాటా వంతెన దాటాక దారి మర్మరా సముద్రతీరానికి చేరింది. ఒకవైపు పాతకాలపు కోటగోడలు, మరోవైపు జలసంధిలో ప్రవేశించడానికి లంగరు వేసి వేచివున్న ఓడలు. తీరం వెంట చాలా దూరం వెళ్ళి, తిరిగి రావాలి.

జుహ్ర్ అజాన్ వినిపించే వేళకు నా కాళ్ళు బరువెక్కాయి. అప్పుడు గమనించాను, అమ్మాయి అడుగులు కుదించుకొని నడిచినట్లుగా పరుగెత్తుతోంది. అలసి కాదు, నా కోసం.

"నువ్వు వెళ్ళు బేటీ."

"మీకు చక్కెర పడిపోతే, అబ్బా?"

"చేతులు వణకడం లేదు. ఖర్జూరాలున్నాయి. దారి పొడవునా సహాయకులున్నారు."

"అమ్మీకి ఏం చెప్పాలి?"

"వెనకే వస్తున్నానని చెప్పు."

తన సంచిలో మిగిలిన ఖర్జూరాలు కూడా నా చేతిలో పెట్టి, ఒకసారి వెనుదిరిగి చూసి, వెళ్ళిపోయింది. ఆమె నీలి హిజాబ్ జనంలో కలిసిపోయేదాకా చూస్తూనే ఉన్నాను. సంబంధాల ప్రస్తావన వచ్చినప్పుడు కూడా కలగని బెంగ ఆ పరాయి ఊరి రోడ్డు మీద కలిగింది. పిల్లలు మనల్ని దాటిపోవాలనే పెంచుతాం. దాటే క్షణానికి మాత్రం ఎవరమూ సిద్ధంగా ఉండం కాబోలు!

తర్వాతి కిలోమీటర్లలో చెప్పుకోవలసినది తక్కువ. కొంత నడిచాను, కొంత పరుగెత్తాను. దారిపక్కన ఒక వృద్ధురాలు నావైపు చేయి ఊపుతూ "హైదీ, హైదీ!" అంది. పద, పద అని అర్థమట. ఆమె గొంతులో మా నానీ కోపమే ధ్వనించింది.

సుల్తానహ్మెత్ గుట్ట మీద ఉంది. అంత దూరం వచ్చినవాణ్ణి చివరికి ఎత్తు ఎక్కించడం ఏం న్యాయమో! రెండు దాటాక గీత చేరుకున్నాను. తల్లీకూతుళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. దగ్గరలోని మస్జిదులో జుహ్ర్ నమాజ్ చేశాం. మోకాళ్ళు వంగక నేను కుర్చీపై కూర్చొని చేశాను.

రాత్రి భాయీజాన్ ఫోన్ చేశారు.

"అమ్మాయి నీకంటే ముందు వచ్చిందటగా?"

"ఇరవై రెండు నిమిషాలు ముందు, భాయీజాన్" అన్నాను.